రెండు ఖాళీ కాగితాలు

మా పెద్దమ్మ ట్రంకుపెట్టెలో ఒక బైండు పుస్తకం ఉండేది. ముదురాకుపచ్చ కాలికో గుడ్డ, మూలల్లో ఎర్రగుడ్డ, లోపల వారపత్రికలోంచి వారంవారం చింపి దాచి కుట్టించిన సీరియల్ నవల. దాన్ని మొదటిసారి 1986 డిసెంబరులో చదివాను, నాకు పన్నెండేళ్ళప్పుడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

నవల పేరు చెప్పను. చెబితే ఎక్కడో వెతికి పట్టుకుని చదివి, "ఇందులో అంత ఏముందండీ" అంటారని భయం. రాసినాయన పెద్ద పేరున్నవాడు కాదు. ఆ రోజుల్లో వారపత్రికల్లో అలాంటి నవలలు చాలా వచ్చేవి. నాకు మాత్రం అలాంటిది ఇంకొకటి దొరకలేదు. ఎందుకు దొరకలేదో ఈమధ్యే తెలిసింది.

బైండు పుస్తకం అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పత్రిక ఇంట్లో అందరూ చదివేశాక, సీరియల్ వచ్చిన పేజీలు మాత్రం మెల్లగా పిన్నులు ఊడదీసి తీసేవారు. ఒకదాని మీద ఒకటి పేర్చి పురికొసతో కట్టి, పెట్టె అడుగున బట్టల కింద పెట్టేవారు. సీరియల్ అయిపోగానే బైండింగు షాపుకి పట్టుకెళ్ళేవారు. బైండరు మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలిపేవాడు. పుస్తకం తెరిస్తే పాత కాగితం వాసనతో పాటు ఆ తుత్తం కలిపిన పిండి వాసన కూడా కొంచెం ఘాటుగా వచ్చేది. ఇప్పటికీ ఆ వాసన ఎక్కడ తగిలినా నా వీపు మీద చలి పుడుతుంది.

ఇంకో విషయం. సీరియల్ పేజీ చింపితే దాని వెనకున్నది కూడా వస్తుంది కదా. అందుకని మా పెద్దమ్మ పుస్తకంలో దయ్యం కథకు అటూ ఇటూ బోలెడు సంసారం ఉండేది. చెరువుగట్టు మీద ఎవరో నడుస్తున్న అడుగుల చప్పుడు వినిపించే పేజీ తిప్పితే, వెనక సగం కోసుకుపోయిన గోంగూర పచ్చడి. వృశ్చిక రాశివారికి ఆ వారం ధనలాభం. ఒక పౌడరు ప్రకటన, మొహం ఉంది, డబ్బా లేదు. నేను అవి కూడా చదివేవాణ్ణి. ఎండుమిరపకాయలు దోరగా వేయించి పక్కన పెట్టుకోమన్న తర్వాత ఏం చేయాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ డిసెంబరులో అమ్మకు ఆపరేషనై విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఉంది. నాన్న ఆఫీసుకీ ఆసుపత్రికీ తిరుగుతున్నారు. నన్ను తెచ్చి పెద్దమ్మ దగ్గర దింపారు. పెద్దమ్మది పాతూరు, అంటే వన్ టౌన్. బురుజుపేట నుంచి పాత పోస్టాఫీసు వైపు దిగే సందుల్లో ఒక పెంకుటిల్లు. పెద్దనాన్న ఎప్పుడో పోయారు, నాకు ఊహ తెలియకముందే. పిల్లలు లేరు. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి బతికేది. గోడమీద పెద్దనాన్న ఫొటో, దానికి చందనపు దండ, కింద ఫ్రేము కట్టినవాడు తెల్ల పెయింటుతో రాసిన పుట్టిన తేదీ, పోయిన తేదీ. అన్నం తినేటప్పుడు నేను కూర్చునే చోటుకి అది ఎదురుగా ఉండేది.

పాతూరులో రాత్రుళ్ళు మా కాలనీలో రాత్రుళ్ళలా ఉండవు. పోర్టు దగ్గరే. నడిరాత్రి ఓడ కూతకి ఇంటి కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. వాటి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌసు. సందు మొదట్లో నిలబడితే ఆ వెలుగు వచ్చి పోవడం కనిపించేది. పగలంతా కురుపాం మార్కెట్ రద్దీ, చేపల బుట్టలు, సైకిళ్ళు. తొమ్మిది దాటితే ఒక్కసారిగా చిన్న పల్లెటూరు అయిపోయేది.

అమ్మ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. "రేపోమాపో వచ్చేస్తాదిరా" అనేది పెద్దమ్మ. నేను అడిగినప్పుడల్లా అదే మాట. మూడోరోజో నాలుగోరోజో, నా నస భరించలేక అనుకుంటాను, పెట్టెలోంచి ఈ పుస్తకం తీసి చేతిలో పెట్టింది. "రాత్రప్పుడు చదవకు, జడుసుకుంటావు" అంది. అంటే రాత్రప్పుడే చదవాలన్నమాట.

నవల్లో ఊరికి పేరు లేదు. రెండు నిమిషాలు రైలు ఆగే స్టేషను, మూతపడ్డ బియ్యం మిల్లు, పెద్ద చెరువు, వీధి చివర పోస్టాఫీసు. అంతే ఊరు. ఆ పోస్టాఫీసుకి పెళ్ళికాని కుర్రాడు ఒకడు పోస్టుమాస్టరుగా ట్రాన్స్‌ఫరై వానలో దిగుతాడు. మర్నాడు పొద్దున సంచి విప్పితే అందులో ఒక ఉత్తరం. పోస్టుమాన్ దాని మీద పేరు చూసి, ఏమీ మాట్లాడకుండా బీరువా కింది సొరుగు లాగి అందులో పడేస్తాడు. ఎందుకయ్యా అంటే "ఆయన పోయి మూడేళ్ళయిందండి" అంటాడు. సొరుగు నిండా అలాంటివే. అన్నీ ఆ ఊళ్ళో చనిపోయినవాళ్ళకు వచ్చినవే. ఎక్కడినుంచి వచ్చాయా అని ముద్ర చూస్తే, ఈ పోస్టాఫీసు ముద్రే. ముద్ర మీద తేదీ రేపటిది.

ఆ "రేపటిది" అన్న మాట దగ్గర నేను పుస్తకం మూసేశాను. దయ్యం వచ్చి ఎదురుగా నిలబడినా అంత భయం వేసేది కాదేమో. తెల్లారాక కాళ్ళు వాటంతటవే పాత పోస్టాఫీసు వైపు నడిచాయి. అక్కడ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, లోపల ముద్రలు కొట్టే ఆయన్ని చూశాను. ముద్ర ఒకసారి సిరా దిండు మీద, ఒకసారి ఉత్తరం మీద. టప్, టప్. దిండు మీద మెత్తగా, ఉత్తరం మీద గట్టిగా. కార్డు వచ్చినప్పుడు ఒక శబ్దం, కవరు వచ్చినప్పుడు ఇంకో శబ్దం. చాలాసేపు నిలబడేసరికి ఆయనే పిలిచి ఏం కావాలని అడిగాడు. "తేదీ ఎలా మారుతుందండీ?" అన్నాను. ఆయన ముద్ర తిరగేసి చూపించాడు. నడుమ చిన్న చిన్న లోహపు అచ్చులు, రోజుకి, నెలకి, సంవత్సరానికి. రోజూ పొద్దున్నే చేత్తో తీసి కొత్తవి దూర్చాలట. "మరి రేపటిది పెడితే?" అన్నాను. "ఎందుకు పెడతామమ్మా" అని నవ్వి పనిలో పడిపోయాడు. ఆ వేళ్ళ సందుల్లో నల్లసిరా నాకు ఇంకా కనిపిస్తుంది. ఎవరో ఒకరు చేత్తో మారిస్తేనే తేదీ మారుతుంది అన్నది నా భయాన్ని తగ్గించకపోగా ఇంకా పెంచింది.

పదిహేడో వారం దాకా రెండు రాత్రుల్లో చదివేశాను. పదిహేడో వారం ఇలా ముగుస్తుంది. నడిరాత్రి. హోరున వాన. పోస్టుమాస్టరు సొరుగులో ఉత్తరాలన్నీ నేల మీద పరుచుకుని చూస్తున్నాడు. తలుపు చప్పుడైంది. ఎవరని అడిగితే, ఉత్తరం కోసం వచ్చానని బయటినుంచి జవాబు. సశేషం.

పేజీ తిప్పాను. తెల్లకాగితం. ఇంకోటి తిప్పాను. ఇంకో తెల్లకాగితం. ఆ తర్వాత పందొమ్మిదో వారం. తెల్లవారుజామున స్టేషన్లో బల్ల మీద కూర్చున్న పోస్టుమాస్టరు, కుడిచేతికి కట్టు. రైలు వచ్చింది, ఎక్కలేదు.

పెద్దమ్మ అప్పుడే గుడినుంచి వచ్చింది. మార్గశిర మాసం, గురువారం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర గురువారాలంటే ఎంత జనమో విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైకప్పు లేని గుడి అది. అమ్మవారు ఎండకీ వానకీ అలాగే ఉంటుంది, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు నీళ్ళు పోసి పూజ చేసుకుంటారు. పెద్దమ్మ చేతులు మోచేతులదాకా పచ్చగా ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇక్కడ ఒక వారం లేదేం?"

వచ్చి చూసింది. "ఆ వారం దొరకలేదురా. ఎప్పుడైనా దొరికితే అతికించుకుందామని కాగితాలు పెట్టించాను."

"మరి ఏమైంది ఆ వారం? నీకు తెలుసు కదా?"

పెద్దమ్మ వెంటనే మాట్లాడలేదు. గుమ్మం మీద కూర్చుని, చేతుల పసుపు చెంగుకి తుడుచుకుంది. తుడిచిందే తుడిచింది. నాకు ఆ ఆలస్యం బాగా గుర్తు, ఎందుకంటే మర్చిపోయిందేమో, ఇక చెప్పదేమో అని టెన్షన్ పడ్డాను.

"తలుపు తియ్యగానే ముందు ఉప్పువాసన కొట్టింది" అని మొదలుపెట్టింది.

"ఆ ఊళ్ళో సముద్రం లేదు కదా? చెరువే కదా?"

"చెరువుకి ఆవల సముద్రమే. రాసినాయన ముందు చెప్పలేదంతే. ఉండు, అడ్డు రాకు."

ఆమె చెప్పింది ఇది. గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. వానలో తడిస్తే పైనుంచి కిందికి తడుస్తాం కదా, ఆయన అలాగ కాదు, లోపల్నుంచి తడిసినట్టున్నాడు. పోస్టుమాస్టరు పేరడిగి, ఉత్తరం వెతికి ఇచ్చాడు. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మళ్ళీ చేతిలో పెట్టేశాడు. "నాకు చదువు రాదు బాబూ. మీరే చదివి పెట్టండి" అన్నాడు. ఇక్కడ కాదు, మా చోటికి పోదాం అన్నాడు. లాంతరు పుచ్చుకుని ఇద్దరూ నడిచారు. గంటస్తంభం దాటారు, లైట్‌హౌసు దాటారు. డచ్చివాళ్ళ సమాధులు వచ్చాయి. మొనలు తేలి నిలువుగా లేచిన రాళ్ళు, కింద మనకు తెలియని అక్షరాలు. ఒక రాతికి ఆనుకుని కూర్చున్నాడాయన. పోస్టుమాస్టరు లాంతరు కింద పెట్టి ఉత్తరం విప్పాడు.

"ఎవరు రాశారు పెద్దమ్మా?"

"వాళ్ళావిడే."

ఉత్తరంలో భయపెట్టేది ఏమీ లేదు. వడియాలు పెట్టాను, సగం కాకులు ఎత్తుకుపోయాయి. నీ గొడుగుకి ఊచ వేయించాను. పెరట్లో మందారం మళ్ళీ చిగిర్చింది. గుమ్మం దగ్గర నీళ్ళ బిందె అలాగే పెడుతున్నాను, కాళ్ళు కడుక్కుని రా. కథ ఆగిన చోటే ఆగింది, మిగతాది నువ్వొచ్చాక చదువుతాను.

చివరి మాట నాకు అర్థం కాలేదు. ఏ కథ అని అడిగితే "ఏదోలే" అంది. ఉత్తరం విని ఆ మనిషి లేచి, పోస్టుమాస్టరు చెయ్యి పట్టుకున్నాడు, కృతజ్ఞతకి. ఆ చల్లదనానికి చెయ్యి కాలినట్టు బొబ్బలెక్కిపోయింది. అందుకే కట్టు.

అంతా సరిపోయింది. మర్నాడు పెద్దమ్మ మిషను దగ్గరుండగా సిరాపెన్ను తీసుకుని, ఆ రెండు ఖాళీ కాగితాల మీద, నాలుగు వైపులా, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసేశాను. పైన "18వ వారం" అని కూడా వేశాను. పెద్దమ్మ చూసింది. తిడుతుందనుకున్నాను. చదివి, "కాకులు కాదు, కాకి. ఒక్కటే" అని పుస్తకం ఇచ్చేసింది.

ఆ రాత్రే జ్వరం. జడుపు జ్వరమని ఇరుగుపొరుగు అన్నారు. మరుసటి గురువారం పెద్దమ్మ నన్ను చంకనెత్తినంత పని చేసి అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళింది. నా చేత్తోనే నీళ్ళు పోయించింది. నేను జ్వరం తగ్గాలని మొక్కుకోలేదు. అమ్మ పేరు మీద ఉత్తరం రాకూడదని మొక్కుకున్నాను. ఆ ఆదివారం అమ్మ ఇంటికొచ్చింది.

మిగతా నవల గబగబా చెప్పేస్తాను. చనిపోయినవాళ్ళు బతికే ఉన్నారని కాగితాల మీద చూపించి, వాళ్ళ పేరున భూములు తినేస్తున్నవాళ్ళ పనే ఆ ఉత్తరాలన్నీ. ముద్ర దొంగతనంగా వాడేవాళ్ళు, కంగారులో తేదీ తప్పు పడేది. బాగానే రాశాడు. కానీ సొరుగులో ఒక్క ఉత్తరం మిగిలిపోతుంది. అది వాళ్ళు రాసింది కాదు. లోపల అక్షరం లేదు, కాగితం మాత్రం ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. దాని సంగతి రచయిత చెప్పకుండా వదిలేశాడు. చదివినవాళ్ళు చాలామందికి అది లోపంగా అనిపించి ఉంటుంది. నాకు అనిపించలేదు. అది ఎవరి ఉత్తరమో నాకు తెలుసు కదా.

మరుసటి వేసవిలో పోరుపెట్టి పెద్దమ్మతో భీమిలి వెళ్ళాను. అది వాళ్ళ పుట్టిల్లు. బస్సు దిగి నాలుగడుగులు వేయగానే గంటస్తంభం. నాకు గుండె ఝల్లుమంది. ఇంకొంచెం ముందుకి పోతే తెల్లగా లైట్‌హౌసు. ఆ తర్వాత గోడ లోపల అవే సమాధులు, అదే మొన తేలిన రాళ్ళు, ఉప్పుగాలికి పెచ్చులూడి. నవల్లో ఊరు ఇదే అని నిర్ధారించేసుకున్నాను. పెద్దమ్మ కాదనలేదు.

భీమిలి అంత విచిత్రమైన చిన్న ఊరు ఇంకొకటి ఉందా అనిపిస్తుంది నాకు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. అంతకు చాలా ముందు, పదిహేడో శతాబ్దంలోనే డచ్చివాళ్ళు వచ్చి వ్యాపారం పెట్టారు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు గోస్తని వచ్చి సముద్రంలో కలిసే చోట నాటు పడవలు, వలలు బాగు చేసుకునే మనుషులు. పావురాలకొండ మీద బౌద్ధులు వదిలేసి వెళ్ళిన రాళ్ళు, కింద డచ్చివాళ్ళు వదిలేసి వెళ్ళిన రాళ్ళు. ఎంతమందో వచ్చి, ఉండి, పోయిన ఊరు. ఆ సమాధుల మధ్య నిలబడి పెద్దమ్మని అడిగాను, "వీళ్ళకి ఉత్తరాలు ఎవరు రాస్తారు?" అని. "రాసే ఉంటార్రా. ఓడ రావడానికి నెలలు పట్టేది. ఇక్కడ మనిషి పోయాక కూడా వస్తూనే ఉండుంటాయి" అంది. నేను ఎన్ని పుస్తకాలు చదివినా అంత మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తర్వాత చదువులు, ఉద్యోగం, పెళ్ళి. ఎంవీపీ కాలనీలో ఇల్లు. పెద్దమ్మ పాతూరు వదలనంది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళకి వర్ణించక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా చాలదు. గాలి కాసేపు ఆగి, మళ్ళీ ఎదురు దిక్కునుంచి మొదలైనప్పుడు మేమందరం బాత్రూములో కూర్చున్నాం. మర్నాడు కూలిన చెట్ల మీంచి ఎక్కి దిగి, నడిచి నడిచి పాతూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్దమ్మ పక్కవాళ్ళ డాబా ఇంట్లో క్షేమంగా ఉంది. ఆమె ఇంటి మీద సగం పెంకులు లేవు. ట్రంకుపెట్టెలో నీళ్ళు.

కరెంటు లేని ఆ రోజుల్లో నేను చేసిన పని, ఆ పుస్తకం ఆరబెట్టడం. నీళ్ళకీ పాలకీ జనం క్యూలు కడుతుంటే నాకు ఇదేం పని అని మా ఆవిడ మొదట కోప్పడింది, తర్వాత తనే పాత పేపర్లు తెచ్చి ఇచ్చింది. ప్రతి రెండు పేజీల మధ్య ఒక పేపరు ముక్క, అది తడిస్తే ఇంకోటి. అచ్చు అక్షరం ఒక్కటి చెదరలేదు. గోంగూర పచ్చడి కూడా అలాగే ఉంది. నేను రాసిన నాలుగు వైపులూ మాత్రం పోయాయి. సిరా కరిగి కాగితమంతా లేత నీలం అయిపోయింది. కొవ్వొత్తికి దగ్గరగా పట్టుకుని వెతికాను, ఒక్క మాట కూడబలుక్కోవడానికి లేదు. పెద్దమ్మకి చూపించాను. వేలితో తడిమి, "పోన్లే, మళ్ళీ ఖాళీ అయింది" అంది. ఆ తర్వాత ఆమె మా ఇంటికి వచ్చేసింది. పుస్తకం, పెద్దనాన్న ఫొటో, కుట్టుమిషను తెచ్చుకుంది.

2020లో లాక్‌డౌన్. పాత పత్రికలు ఓపిగ్గా స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టే పుణ్యాత్ములు కొందరున్నారు. వాళ్ళు లేకపోతే మన వారపత్రికల చరిత్ర సగం పకోడీల పొట్లాలకి పోయేది. ఒక రాత్రి వెతుకుతూ వెతుకుతూ ఆ సీరియల్ వచ్చిన సంచికలు పట్టుకున్నాను. పదిహేడో వారం ఉంది. పక్కనే పద్దెనిమిదో వారం ఉంది.

ముప్ఫైనాలుగేళ్ళ తర్వాత ఆ తలుపు తెరుచుకుంటుంటే నా చేతులు వణికాయంటే నమ్మండి.

తలుపు దగ్గర ఉన్నది ఆ ఊరి కాంపౌండరు. దొంగ ఉత్తరాల ముఠాలో మనిషి. పెనుగులాట జరుగుతుంది, కిటికీ అద్దం పగిలి పోస్టుమాస్టరు చెయ్యి కోసుకుంటుంది, వాడు చీకట్లో పారిపోతాడు. అంతే. సముద్రం లేదు. గంటస్తంభం లేదు. సమాధులు లేవు. చదువురాని మనిషి లేడు. ముందు వారాలు, వెనక వారాలు అన్నీ మళ్ళీ చూశాను, ఎక్కడైనా చిన్న ఆనవాలు ఉందేమోనని. లేదు.

మొదట బాధేసింది. తర్వాత ఆశ్చర్యం. నేను నవల అనుకున్నదాంట్లో నన్ను పట్టి ఉంచిన భాగం మొత్తం పెద్దమ్మ ఒక గురువారం గుమ్మంలో కూర్చుని అల్లింది. ఎందుకలా చేసిందో, అప్పటికప్పుడు ఎలా వచ్చిందో అనుకుంటూ స్కాన్లో ఆ సంచిక ముఖచిత్రం మళ్ళీ తెరిచాను. తేదీ 18 జూలై 1975.

ఆ తేదీని కాసేపు అలాగే చూశాను. ఎక్కడో చూసినట్టుంది. లేచి హాల్లోకి వెళ్ళి లైటు వేశాను. పెద్దనాన్న ఫొటో కింద తెల్ల పెయింటు అక్షరాలు. మరణం 16-7-1975.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ చెప్పింది. మీ పెద్దనాన్న పోర్టులో లాంచి మీద పనిచేసేవాడు కదరా. బావకి చదువు లేదు. వేలిముద్రే. కానీ కథలంటే ప్రాణం. పత్రిక వచ్చిన రోజు డ్యూటీ దిగి పాత పోస్టాఫీసు దగ్గర బడ్డీలో కొని, చొక్కాలో దోపుకుని, తడవకుండా తెచ్చేవాడు. గుమ్మం దగ్గర బిందెలో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని కూర్చునేవాడు, అప్ప చదివేది. అప్ప గుక్క తిప్పుకోవడానికి ఆగితే "తర్వాత?" అనేవాడు. సీరియల్ ఆ వారానికి అయిపోయినా "తర్వాత?" అనే. మేమంతా నవ్వేవాళ్ళం. జబ్బు చేసి వారం తిరక్కుండానే పోయాడు. ఆ పత్రిక ఎవరు తెస్తారు ఇంక? పక్షం పోయాక, నేనే మీ నాన్న చేత కొనిపించి ఇచ్చేదాన్ని, దానికి ఏదో ఒక వ్యాపకం ఉండాలని. ఒక్క వారం మాత్రం దొరకలేదు.

అంటే పెద్దనాన్న విన్న చివరి వారం పదిహేడోది.

ఆ సాయంత్రం పద్దెనిమిదో వారం ప్రింటు తీసుకుని పెద్దమ్మ గదిలోకి వెళ్ళాను. ఎనభై అయిదేళ్ళు అప్పటికి. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించాం కానీ చిన్న అక్షరాలు కష్టం. "పెద్దమ్మా, ఆ దొరకని వారం దొరికింది" అన్నాను. లేచి కూర్చుంది. చదివాను. కాంపౌండరు, పెనుగులాట, అద్దం, రక్తం. మొత్తం విన్నది. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

కిటికీ వైపు చూస్తూ చాలాసేపు ఉంది. "అయితే రాసినాయన మర్చిపోయుంటాడు" అంది.

నేను ఫొటో ఊసెత్తలేదు. ఆ ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాను. బీరువాలోంచి పుస్తకం తెచ్చి, లేత నీలం కాగితాల దగ్గర తెరిచి, మంచం పక్కన స్టూలు లాక్కున్నాను. ఈసారి బాల్‌పెన్ను.

"నువ్వు చెప్పు పెద్దమ్మా. మళ్ళీ రాసుకుంటాను."

"ఎక్కణ్ణుంచి?"

"తలుపు తీసిన దగ్గర్నుంచి."

చెప్పింది. ఉప్పువాసన, లాంతరు, గంటస్తంభం, సమాధులు. వడియాలు, ఒక్క కాకి. గొడుగు ఊచ. మందారం. నీళ్ళ బిందె. నాలుగో వైపు సగానికి వచ్చేశాం. మిగతాది నువ్వొచ్చాక చదువుతాను, అని ఉత్తరం అయిపోయింది. ఇక ఆయన లేచి చెయ్యి పట్టుకోవాలి. నేను పెన్ను ఆనించి చూస్తున్నాను. పెద్దమ్మ ఆగింది.

"ఉత్తరం అయిపోయింది కదా," అంది, "ఆయన లెగలేదు. అలాగే రాతికి ఆనుకుని కూర్చుని, తర్వాత? అన్నాడు."

1986లో ఈ మాట లేదు. రాశాను.